ఏబేలు చేలో మంద

తెల్లవారుజామున లేవగానే లక్ష్మీనరసయ్య చూసేది పెళ్ళాం ముఖం కాదు, గొర్రెల డొక్కలు. దొడ్డికి అడ్డంగా వేసిన కంప పక్కకు లాగి, వంగి లోపలికి దూరి, ఒక్కొక్కదాని పక్కటెముకల కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. ఏది నెమరేసింది, ఏది వెయ్యలేదు, ఏది చూలుతో ఉంది, దేని కడుపులో పురుగు పడింది, అన్నీ ఆ అరచేతికి తెలుసు. తర్వాత గొంగడి భుజాన వేసుకుని నాలుక మడిచి ఒక కూత వేసేవాడు. వాళ్ళ నాయన నేర్పిన కూత అది. ఊళ్ళో ఇంకెవరు వేసినా గొర్రె తలెత్తేది కాదు. అతను వేస్తే తాగుతున్న పాలు విడిచి పిల్లలు కూడా లేచి వచ్చేవి. అందుకని అతనికి కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

గర్వపడటానికి కారణం లేకపోలేదు. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య, రాళ్ళవాగుపల్లె చుట్టుపక్కల ఎవరి చేలో పైరు నల్లగా లేచినా 'నరసయ్య మంద పడిన చేను' అనేవాళ్ళు. కోతలైన చేలో రాత్రిపూట గొర్రెల మందను నిలిపితే అవి వేసిన పెంటికలు ఆ నేలకు రెండేళ్ళ బలం. దానికి రైతు గింజలు కొలిచేవాడు. ఆ గింజలతోనే నరసయ్య ఇల్లు గడిచేది. పెద్ద రైతు కొండయ్య అంతటివాడు కూడా ఎండాకాలం రాగానే, ముందు తన చేలోనే మంద పెట్టమని మనిషిని పంపేవాడు. తెల్లదొరలు పన్నులు వెయ్యగలరు గానీ పెంటికలు వెయ్యలేరు కదా అని నరసయ్య మీసాల్లో నవ్వుకునేవాడు.

అట్లాంటి మనిషికి ఆ ఏడు ఎండాకాలంలో కడుపుమంట పట్టుకుంది. కషాయాలతో తగ్గే మంట కాదది.

ఊరికి తూర్పున, అంటరానివాళ్ళంటూ ఊరు దూరంగా పెట్టినవాళ్ళ పల్లె ఉంది. ఆ పల్లెవాళ్ళు చాన్నాళ్ళ కిందటే వేదంలో కలిశారు, అంటే కిరస్తానీ మతం పుచ్చుకున్నారు. వాళ్ళలో ఏబేలు ఒకడు. చిన్నప్పుడు అతని పేరు ఎల్లడు. నరసయ్య ఈడువాడే. నరసయ్య నాయన దగ్గర జీతానికుండి గొర్రెలు కాసేవాడు. మధ్యాహ్నం అంబలి నరసయ్యకు ముంతలో ఇచ్చేవాళ్ళు, ఎల్లడికి దోసిట్లో పైనుంచి పోసేవాళ్ళు. ఒకరోజు వాడు కునుకు తీస్తుంటే తోడేలొచ్చి పిల్లను ఎత్తుకుపోయింది. నరసయ్య నాయన వాడి వీపు పగలగొట్టి, "వీడు కాపరి పనికి పుట్టలేదు" అని తరిమేశాడు. ఆ మాట విన్నప్పుడు నరసయ్యకు లోలోపల ఎంత తీపిగా ఉందో చెప్పలేం. వేదంలో కలిశాక ఎల్లడు ఏబేలయ్యాడు. ఆ పేరు లోకంలో మొట్టమొదటి గొర్రెల కాపరిదని ఎవరో చెబితే విని, నరసయ్య రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పైగా, వెనక 'అయ్యా' అనే మనిషి ఇప్పుడు నోరారా 'అన్నా' అంటున్నాడు.

ఏబేలుకు సర్కారువాళ్ళు వాగు ఒడ్డున ఒక చెక్క భూమి ఇచ్చారు. పలకరాయి పైకి తేలిన నేల. నాగలి పెడితే గరగరా చప్పుడొచ్చేదే తప్ప చాలు పడేది కాదు. అందులో మంద పెట్టమని అడగటానికి ఏబేలు దగ్గర గింజలు లేవు, అడిగినా నరసయ్య పెట్టేవాడు కాదు. అట్లాంటి చేలో ఒకరోజు పొద్దున, గొర్రెలు తోలుకుపోతున్న నరసయ్యకు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా పెంటికలు కనపడ్డాయి. డెక్కల గుర్తులు కిక్కిరిసి ఉన్నాయి.

"ఏరా, ఎవరి మందరా ఇది?" అని కేకేశాడు.

ఏబేలు వేపపుల్ల నములుతూ గుడిసెలోంచి వచ్చాడు. "మా కాపరిదన్నా. రాత్రి పెట్టిపోయినాడు," అన్నాడు, చుట్టం వచ్చి వెళ్ళాడని చెప్పినంత మామూలుగా.

"మీ కాపరంటే యెవురు?"

"మేము ఆదివారం ప్రార్థన చేసుకునేది ఆయనకే గదన్నా."

దేవుడు గొర్రెలు తోలుకు రావటమేమిటని నరసయ్య ఆశ్చర్యపోలేదు. దేవుళ్ళకు ఎవరి పనులు వాళ్ళకుంటాయి. తన ఇంటి గంగమ్మ తల్లి నీళ్ళను చూసుకుంటుంది, వీళ్ళాయన గొర్రెలను చూసుకుంటున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. అతను అడిగింది వేరే.

"గింజలెన్ని అడిగినాడు?"

"ఏమీ అడగలేదన్నా."

"పిడికెడన్నా?"

"పిడికెడు గూడా లేదు."

అక్కడ అంటుకుంది మంట. వంగి ఒక పెంటిక తీసి వేళ్ళతో నలిపాడు. ఎండాకాలంలో పెంటిక గులకరాయిలా ఉండాలి. ఇది పచ్చగా విడిపోయింది. వాసన చూశాడు. నల్లమలలో ఏ కొండ మీద ఏ గడ్డి ఏ నెలలో మొలుస్తుందో చెప్పగల ముక్కు అది. ఆ గడ్డి ఏమిటో దానికి తెలియలేదు. తనకు తెలియని బీడు ఒకటుంది, అక్కడ ఎండాకాలంలో పచ్చిగడ్డి ఉంది, దాన్ని ఇంకొకడు మేపుకుంటున్నాడు. నరసయ్యకు కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఏబేలు చేను మీదుగా పోవటం అతనికి అలవాటైంది. ఎప్పుడు చూసినా కొత్త పెంటికలే. పనివాడు పనివాడిలో తప్పు వెతికినట్టు వెతికాడు. చుట్టూ కంప వెయ్యలేదు, చూడండి, అనుకున్నాడు. తోడేళ్ళు తిరిగే చోట కంప లేకుండా మంద నిలిపేవాడు కాపరేనా? గట్టు చుట్టూ తోడేళ్ళ అడుగులూ ఉన్నాయి. అవి ఒక్కచోట కూడా గట్టు దాటలేదు. సరే, అది పోనిమ్మనుకున్నాడు. మందలో ఒక కుంటి గొర్రె ఉంది, మూడు కాళ్ళే నేలకు ఆనుతున్నాయి. ఏ కాపరైనా కుంటిదాన్ని వెనకకు వదిలేస్తాడు, లేదా సంతకు పంపేస్తాడు. ఈ మందలో ఆ మూడుకాళ్ళ గుర్తు ముందు వరసలో ఉంది, దాని పక్కనే మనిషి పాదం ఉంది. మిగతా మందంతా అడుగులు దగ్గరదగ్గరగా వేసుకుంటూ వాటి వెనక వచ్చింది. కుంటిదాని నడకకు మందనంతా నడిపిస్తున్నాడన్నమాట.

"ఇట్ల నడిపితే బీడు చేరేసరికి పొద్దుగూకదా?" అని పైకే అన్నాడు. కానీ పెంటికలు చూస్తే అవి బీడు చేరాయి, కడుపునిండా తిన్నాయి, తిరిగి వచ్చాయి. నరసయ్యకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గట్టు మీది మట్టిబెడ్డను కాలితో తన్నాడు. బొటనవేలి గోరు ఊడింది.

ఊళ్ళోవాళ్ళకు ఇదంతా నాలుగు రోజుల ముచ్చట. ఆ తర్వాత, "ఏబేలుకు వాళ్ళ కాపరి మంద పెడతాండాడంట" అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. కొండయ్య మాత్రం రైతు కాబట్టి రైతులాగే ఆలోచించాడు. ఏబేలును పిలిపించి, తన చేలో కూడా నాలుగు రాత్రులు పెట్టమని ఆయనతో చెప్పమన్నాడు.

"నేను చెప్పేదేముందయ్యా, ఆయన నన్నడిగి వచ్చినాడా?" అన్నాడు ఏబేలు.

అప్పుడు కొండయ్య నరసయ్యను పిలిచాడు. "అబ్బాయ్ నరసయ్యా, ఈసారి గింజలు కొంచెం తగ్గించుకోరాదూ? పల్లెలో ఉత్తపుణ్యానికే మంద పెడతాండారంట."

"వాళ్ళకే పెట్టించుకో పెద్దయ్యా!" అని గొంగడి విదిలించి వచ్చేశాడు నరసయ్య. ఇంటికొచ్చాక గానీ తన నోటి దగ్గరి గింజలు తనే పోగొట్టుకున్నానని తెలియలేదు. తెలిశాక, ఆ తప్పు కూడా ఆ కాపరి ఖాతాలోనే వేశాడు.

ఎండాకాలం దాటాక ఒక్క వాన పడింది. ఆ ఒక్క పదునుకే అందరూ జొన్న విత్తారు. ఆ తర్వాత మబ్బు ముఖం చాటేసింది. గడ్డి మొలవలేదు, మొలిచింది మాడిపోయింది. నరసయ్య తుమ్మకాయలు దులిపి పెట్టాడు, రేగు కొమ్మలు కొట్టి వేశాడు, బొమ్మజెముడు ముళ్ళు కాల్చి అదీ పెట్టాడు. తెల్లవారి డొక్కలు తడిమితే చేతికి ఎముకలే తగిలేవి. తల్లుల పొదుగులు ఎండి పిల్లలు రాత్రంతా అరిచేవి.

ఇంతలో గిద్దలూరు నుంచి గొర్రెల బేరగాడు సాయిబు దిగాడు. డొక్కలు నొక్కి చూసి పెదవి విరిచాడు. "నరసయ్యా, ఇంకో వారం పోతే వీటి తోలు మాత్రమే కొంటా. వచ్చే శనివారం వస్తా. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యి, రైలుబండి ఎక్కించేస్తా," అన్నాడు. ముత్తాతల నాటి మంద అది.

ఆ పూట అతని పెళ్ళాం చెంచమ్మ సంగటి ముందు పెట్టి కూర్చుంది. "ఏమయ్యా, ఒక్క మాట చెప్తా, కసురుకోవద్దు. ఆ ఏబేలు వాళ్ళ కాపరికి యాడో పచ్చిక తెలుసు గదా. యాడుందో అడగరాదూ? ఏబేలును అడిగితే వాళ్ళ ప్రార్థనలో ఒక మాట వేస్తాడు."

"నా గొర్రెలను ఇంకొకడు మేపేదా?"

"మేపితే ఏంది? బతుకుతాయి గదా."

"సావనీ!" అని సంగటి ముద్ద చట్టిలోకి విసిరేశాడు. "నా కూత విని పెరిగినయి. నా చేతిలో సావనీ, ఇంకొకడి చేతిలో మాత్రం బతకనీయను."

చెంచమ్మ చట్టి తన దగ్గరికి లాక్కుంది. "గొర్రెలను గాదు నువ్వు చూసేది," అని లేచి వెళ్ళిపోయింది.

అడగటానికి ఒప్పుకోలేదు గానీ, తెలుసుకోవాలని అతనికీ ఉంది. ఆదివారం పల్లెలో ప్రార్థన జరుగుతుంటే పూరిపాక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల శాంతయ్య బోధకుడు ఆ కాపరి గురించే చెబుతున్నాడు. ఏ కొండ, ఏ దోవ, ఏ గడ్డి, ఈ మూడూ చెబుతాడేమోనని నరసయ్య చెవులు రిక్కించాడు. శాంతయ్య బతుకంతా బడిలో పలకల మధ్య గడిపినవాడు, అతనికి గడ్డి సంగతి ఏం తెలుసు? కానీ మాటల్లో ఒకచోట, ఆయన గొర్రెలను కదలని నీళ్ళ దగ్గరికి తీసుకుపోతాడని అన్నాడు. నరసయ్య ఉలిక్కిపడ్డాడు. పారే నీళ్ళంటే గొర్రెకు భయం, మూతి పెట్టదు. అది మంద వెంట తిరిగినవాడికే తెలుస్తుంది. పని తెలిసినవాడేనని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నందుకు మంట ఇంకాస్త పెరిగింది.

గోడ కంతలోంచి లోపలికి చూశాడు. ఏబేలు చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఆ ఏడు అతని ఇంట్లోనూ గింజల్లేవు, పెళ్ళాం కాశమ్మకు జ్వరం. అయినా ముఖంలో ఒక నెమ్మది ఉంది. తనను చూసుకునేవాళ్ళు ఉన్న మనిషి ముఖం అది. నరసయ్యకు గుండెలో ముల్లు దిగినట్టయింది. అది ఏ ముల్లో, ఎక్కడ దిగిందో తెలుసుకోకుండానే గిరుక్కున తిరిగి వచ్చేశాడు.

శుక్రవారం సాయంత్రం ఖాళీ కడుపులతో తిరిగొస్తున్న మంద ఏబేలు చేను పక్కగా నడిచింది. ఆ బలానికి జొన్న మోకాలెత్తు లేచి, ఎండకు కొంచెం వాడి నిలబడి ఉంది. ఊరి మొత్తానికి అంత పచ్చదనం అక్కడ ఒక్కచోటే ఉంది. మొక్కల మధ్య చాళ్ళలో ఆ రోజు పెంటికలు కూడా పడి ఉన్నాయి, ఒక్క ఆకు కూడా కొరికినట్టు లేదు. ఆయన గొర్రెలకు అంత క్రమశిక్షణా? నరసయ్యకు ఒళ్ళు మండింది. ఏబేలు పైరు నాశనమైతే చూడాలని ఉంది, తన గొర్రెలు కడుపునిండా తింటే చూడాలని ఉంది. రెండు కోరికలూ ఒక్క దెబ్బకు తీరే దోవ కనపడింది. మందను చేలోకి తిప్పి కూత వేశాడు.

గొర్రెలు గట్టు దాకా వెళ్ళి ఆగిపోయాయి. కర్ర అడ్డం పెడితే ఎట్లా ఆగుతాయో అట్లా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీత మీద ఆగాయి. ఆకలితో తూలుతున్నాయి గానీ ఒక్కటీ మూతి ముందుకు చాపలేదు. అతను మళ్ళీ కూశాడు. చెవులు ఇటు తిప్పి, తలలు మాత్రం వాగు వైపే పెట్టాయి. పుట్టిన నాటి నుంచి తన కూతకు వచ్చిన గొర్రెలు తన ఎదుటే తన మాట వినటం లేదు. ముందు నిలబడింది నల్లచుక్క, మందకు పెద్ద గొర్రె. కర్ర ఎత్తి దాని నడుం మీద కొట్టాడు. అది మోకాళ్ళ మీద పడింది, లేచింది, గట్టు మాత్రం దాటలేదు.

"కొట్టినావా అన్నా?" అన్నాడు ఏబేలు, చేను అవతలి నుంచి పరిగెత్తుకొచ్చి. తన పైరు సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. "నువ్వు ఎప్పుడూ గొర్రెను కొట్టంగా చూడలేదే! అసలు యాడికి తోలతాండావు? అది వాడిన పసి జొన్న గదా. నువ్వు మరిచిపోయినావా ఏంది?"

నరసయ్య చేతిలో కర్ర అట్లాగే ఉండిపోయింది. వానల్లేక వాడిన పసి జొన్న గొర్రెకు విషం. నాలుగు నోళ్ళు మేసిందంటే కడుపుబ్బి గిలగిలా కొట్టుకుని అక్కడే చస్తుంది. కాపరి ఇంట్లో పుట్టిన పిల్లకు అంబలి తాగటం కన్నా ముందు ఆ సంగతి నేర్పుతారు. అసూయలో పడి అతను దాన్నే మరిచిపోయాడు. గట్టు మీద ఎవరూ అడ్డం నిలవకపోతే ఈపాటికి మందంతా కుప్పలు కుప్పలుగా పడి ఉండేది. నిలిచింది తను కాదు.

నల్లచుక్క నడుం తడిమాడు. అది అతని చెయ్యి కింద వణికింది. మందను మళ్ళించి ఇంటికి తోలుకుపోయాడు. దోవంతా ఒక్కటే అనుకున్నాడు. ఎవరిది మంద? నాదా, ఆయనదా? ఇవ్వాళ తేలిపోవాలి.

ఆ రోజు సంగటి ముట్టలేదు. పొద్దు గూకగానే దొడ్డిలోకి దూరి, లోపలి నుంచి కంప లాక్కుని, గొంగడి కప్పుకుని గొర్రెల మధ్య పడుకున్నాడు. ఆయన వస్తే చెయ్యి పట్టుకుని ఆపుదామని ఉద్దేశం. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. తొలికోడి కూసేసరికి చుట్టూ కదలిక మొదలైంది. కంప ఎవరో తీసినట్టే ఉంది, లేచి చూసేసరికి మంద నడుస్తోంది, మందతో పాటు తనూ నడుస్తున్నాడు.

ముందుకు పోవాలని చూశాడు. కాపరి ముందు నడవాలి కదా! ఒక అడుగు తోసుకుని వెళితే రెండు గొర్రెలు అడ్డం వచ్చేవి. అవి తన గొర్రెలు మాత్రమే కావు. తెలియని గొర్రెలు ఎన్నో ఉన్నాయి, పెద్దవి, ఒత్తుగా ఉన్ని ఉన్నవి. బూడిదరంగు వెలుగులో అతనికి కనపడేదంతా వీపులే. చాలా దూరాన, అందరికన్నా ముందు, ఒక గొంగడి మాత్రం కనపడుతోంది. మామూలు మనిషి ఎత్తే. నడక చాలా నెమ్మది, కుంటిదాని నడక. ఇంతకాలం ఆ నడకను వెక్కిరించిన నరసయ్యకు ఎండాకాలంలో గోరు ఊడిన వేలు ఇంకా మానక నొప్పెడుతోంది, నాలుగు రోజులుగా సరిగ్గా తినక కాళ్ళు తేలిపోతున్నాయి. ఆ నడకకు కాబట్టి సరిపోయాడు. కొంచెం వేగంగా నడిపించి ఉంటే దోవలోనే పడిపోయేవాడు.

ఎంత దూరం నడిచారో తెలియదు. ముందు ఆ వాసన వచ్చింది, పెంటికల్లో తన ముక్కుకు అంతుపట్టని వాసన. తర్వాత కాళ్ళకు తడి తగిలింది. మంచు పట్టిన గడ్డి, మోకాళ్ళదాకా ఉంది. గొర్రెలు తలలు దించాయి. మేస్తున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. పక్కన మడుగులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నరసయ్య మోకాళ్ళ మీద వంగి తాగాడు. ఆ నీళ్ళకే కడుపులో ఆకలి చల్లారిపోయింది.

అప్పుడు ఆయన మందలోకి వచ్చాడు. ఒక్కొక్కదాని దగ్గర వంగుతున్నాడు, డొక్క తడుముతున్నాడు, ముందుకు కదులుతున్నాడు. నరసయ్యకు ఆ పని ఎట్లా జరుగుతుందో వంగిన వీపు చూస్తేనే తెలుసు. ఎవరి గొర్రెలని చూడటం లేదు, వరసగా వస్తున్నాడు. నల్లచుక్క దగ్గర ఎక్కువసేపు ఆగాడు, దెబ్బ తగిలిన చోట చెయ్యి ఉంచాడు. నరసయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాలన్న సంగతే మరిచిపోయాడు. తల దించుకుని ఉండగానే ఒక చెయ్యి వచ్చి అతని పక్కటెముకల కింద ఆనింది. గరుకు చెయ్యి. తిన్నాడా లేదా అని చూసే చెయ్యి. ఎక్కడ నొప్పి ఉందో వెతికే చెయ్యి.

లక్ష్మీనరసయ్య బతుకులో ఎన్ని వేల డొక్కలు తడిమాడో అతనికే తెలియదు. అతని డొక్క తడిమిన చెయ్యి మాత్రం అతనికి గుర్తు లేదు. నాయన పని నేర్పాడు, కర్ర ఇచ్చాడు, మంద ఇచ్చాడు, చచ్చిపోయాడు. అప్పటి నుంచి అందరూ, నరసయ్యా గొర్రెలు బాగున్నాయా అని అడిగినవాళ్ళే. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది ఆ కాపరిని చూసి కాదు. ఆయన గొర్రెలను చూసి. ఏబేలును చూసి. పక్కన ఒకరు నడుస్తుంటే తల వంచుకుని నడిచే ఆ కుంటి గొర్రెను చూసి. ఇది అర్థం కాగానే గడ్డిలో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చుట్టూ గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. ఆ చెయ్యి ఏడుపు ఆగేదాకా అక్కడే ఉంది.

తెల్లగా తెల్లారేసరికి నరసయ్య మంద వాగు ఒడ్డున నిలబడి నెమరేస్తోంది. అతను గొర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు. కాశమ్మకు నీళ్ళు తీసుకుపోవటానికి వచ్చిన ఏబేలు కడవ దించి, గొర్రెలను చూశాడు, అతన్ని చూశాడు.

"దూరమైందా అన్నా?" అని అడిగాడు.

"దూరమేం గాదు. నడకే మరీ నిదానం," అన్నాడు నరసయ్య. అంత జరిగాక కూడా ఒక్క వంక పెట్టకుండా ఉండలేకపోయాడు. నేల చూస్తూ అన్నాడు, "ఒరే ఏబేలూ... నాకేం పట్టిందో. నిన్న నీ చేలోకి కావాలనే తోలినా."

"తెలుసన్నా," అని ఏబేలు అతని పక్కనే ఇసుకలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి సాయిబు తాళ్ళతో వచ్చాడు. డొక్కలు నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, ధర పెంచాడు. నరసయ్య అమ్మేది లేదన్నాడు. ఎవరైనా గడ్డి దాచిపెట్టి అమ్ముతున్నారా అని సాయిబు అడిగితే, "ఏబేలు వాళ్ళ కాపరి మేపినాడు," అని చెంచమ్మ చెప్పింది. సాయిబు తలూపి, అట్లాగైతే ఇంక తనకు ఇక్కడ పనేముందని తాళ్ళు చుట్టుకుని రైలుకు వెళ్ళిపోయాడు.

నరసయ్య తర్వాత వేదంలో కలిశాడా అని అడిగేవాళ్ళున్నారు. ఆ సంగతి పల్లెవాళ్ళూ చెప్పలేదు, అతనూ చెప్పలేదు. ఆ శనివారం సాయంత్రం జరిగింది మాత్రం చెంచమ్మ బతికినంతకాలం చెప్పుకుంది.

ఆ పూట అతను మందను దొడ్డిలోకి తోలి ఇంట్లోకి వచ్చాడు. నట్టింట చాప పరుచుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి అతను ఇంట్లో పడుకోవటం ఆమె చూడలేదు. వాన పడినా, జ్వరం వచ్చినా, పిల్ల పుట్టిన రోజైనా అతని పడక మంద దగ్గరే ఉండేది.

"ఏమయ్యా, దొడ్డి కాడ యెవురుండారు?" అని అడిగింది.

అప్పటికే నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ వదిలేసి పడుకున్నాడు. చెంచమ్మ కంగారుగా దీపం పట్టుకుని గడప దాటి దొడ్డి వైపు నాలుగడుగులు వేసింది. కంప దగ్గర గొంగడి కప్పుకుని ఎవరో కూర్చుని ఉండటం చూసి అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, దీపం ఆర్పి, మొగుడి పక్కన పడుకుంది.